గంట వెనక 23 గంటలు

ప్రశ్న: మా అబ్బాయి ఉద్యోగం మానేసి బిగ్‌బాస్‌కి వెళ్తానంటున్నాడు. ఒప్పుకోమంటారా? – ఒక తల్లి, ఏలూరు

జవాబు: అమ్మా, 1999లో నెదర్లాండ్స్‌లో మొదలైన ‘బిగ్ బ్రదర్’ రియాలిటీ షో 2017లో ‘బిగ్‌బాస్’గా తెలుగులోకొచ్చింది. పోటీదారులుండే ఇంటి లోపల ఫోన్ ఉండదు, గడియారం ఉండదు. ఒంటిమీద దాదాపు ఎప్పుడూ మైకు. రోజంతా తీసినదాన్ని కత్తిరించి టీవీలో సుమారు గంటే చూపిస్తారు. మీవాడు పొద్దున్నే అందరికీ టీ పెట్టిచ్చింది ఎగిరిపోవచ్చు, రాత్రి గిన్నెల దగ్గర విసుక్కున్న ఒక్క మాట మిగలొచ్చు. జనం ఆ మాటనే పట్టుకుని తిడతారు, ఇంట్లోవాళ్లనీ వదలరు. నాకు బాధనిపించేది అక్కడే. బయటికొచ్చాక కొన్నాళ్లు షాపుల ప్రారంభోత్సవాలు, సెల్ఫీలు. కొత్త సీజన్ మొదలైతే చాలామందికి ఆ పిలుపులు తగ్గిపోతాయి. రాజీనామా వద్దు, జీతం లేని సెలవు అడగమనండి. అగ్రిమెంటు లాయరు చదివాకే సంతకం పెట్టనివ్వండి.