మంచిపిల్ల అనిపించుకోవడం కన్నా ముందు

చి. మాధవికి,

నీ ఉత్తరం అందింది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారనీ, నీకేది మంచిదో చెప్పేవాళ్లే గానీ నీకేం కావాలో అడిగేవాళ్లు లేరనీ రాశావు. ఇలాంటప్పుడు ఏం చదవమంటావు అని అడిగావు. మూడు పుస్తకాలు చెబుతాను. ఈ వరసలోనే చదువు.

మొదటిది ఓల్గా రాసిన ‘స్వేచ్ఛ’. 1987లో వచ్చింది. పుట్టింట్లో ఊపిరాడని అరుణ, పెళ్లయితే తన ఇష్టప్రకారం బతకొచ్చనుకుని ప్రేమించినవాణ్ణి చేసుకుంటుంది. తీరా చూస్తే అనుమతి ఇచ్చే మనిషి మారాడు గానీ, అడగవలసిన అవసరం తప్పలేదు. ఉద్యోగమొచ్చి ఊరు మారితే అన్నీ సర్దుకుంటాయని నువ్వు రాశావు చూడు, అక్కడే నాకు అరుణ గుర్తొచ్చింది. ఇల్లు మారినంత మాత్రాన స్వేచ్ఛ రాదు తల్లీ.

రెండోది డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’. 1957-58లో ‘తెలుగు స్వతంత్ర’లో సీరియల్‌గా వచ్చిన నవల. అందులో ఇందిర ఉద్యోగం చేసి, చూపు సరిగా ఆనని తండ్రిని పోషిస్తుంది. తనకేం కావాలో ఆమెకు తెలుసు, ఆ మాట పైకి అనగలదు. అదే నవలలోని మరో అమ్మాయి కల్యాణితో ఆమె ప్రవర్తించిన తీరు నాకు నచ్చదు. నీకూ నచ్చదు. కానీ రచయిత్రి ఇందిరని దేవతనూ చెయ్యలేదు, కోరికలున్నందుకు శిక్షించనూ లేదు. అందరిచేతా మంచిపిల్ల అనిపించుకోవాలన్న తాపత్రయం నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. అందుకే ఇందిరతో నీకు పరిచయం కావాలి.

మూడోది కథ కాదు, జీవితం. కొండపల్లి కోటేశ్వరమ్మగారి ‘నిర్జన వారధి’. 2012లో అది వెలువడేనాటికి ఆమెకు తొంభై దాటాయి. పసితనంలోనే వైధవ్యం. తర్వాత కొండపల్లి సీతారామయ్యగారితో పెళ్లి, కమ్యూనిస్టు పార్టీ పని, అజ్ఞాతవాసం. ఆ భర్త విడిచి వెళ్లాక పిల్లల్ని తల్లి దగ్గర వదిలి, ముప్పై దాటిన వయసులో హైదరాబాద్‌లో ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదివారు. కాకినాడలో పాలిటెక్నిక్ అమ్మాయిల హాస్టల్‌కి మేట్రన్‌గా పనిచేశారు. చేతికందిన కొడుకునీ, కూతుర్నీ పోగొట్టుకున్నారు. మనవరాళ్లను పెంచారు. ఇంత జరిగినా తన కథని తన గొంతుతోనే చెప్పారు.

ఈ పుస్తకం చివర్లో చదవమనడానికి కారణం ఉంది. గడప దాటడం ఒక్కరోజు పని. దాటాక అద్దె కట్టాలి, జబ్బు చేస్తే మందు తెచ్చుకోవాలి, ఎవరూ ఎదురుచూడని సాయంత్రాలు ఒంటరిగా గడపాలి. కోటేశ్వరమ్మగారిని నిలబెట్టినవి చదువు, సొంత జీతం, తోటి మనుషులు. ఆ మూడూ నీకూ అందే దూరంలోనే ఉన్నాయి. వాటిని ఏ పెళ్లి కోసమూ వదులుకోకు.

అమ్మానాన్నల్ని శత్రువుల్లా చూడమని నేను చెప్పను. వాళ్ల భయం నాకు తెలుసు. అయితే ఆ భయం నీ తరఫున నిర్ణయాలు తీసుకోకూడదు. ఏ సంబంధానికైనా తలూపే ముందు నీకేం కావాలో కాగితం మీద రాసుకో. రాసింది నాన్న ఎదుట కూర్చుని చెప్పు. ఆ రోజు నేనూ వచ్చి నీ పక్కన కూర్చుంటాను. మాట మాత్రం నువ్వే మాట్లాడాలి.

ఇట్లు
నీ పెద్దమ్మ