డబ్బా అదే, నౌక కొత్తది!

మీ ఇంట్లో షోకేసు ఎక్కి కూర్చున్న ఆ బ్రిక్ సెట్ స్పేస్‌షిప్‌ని ఒకసారి చూడండి. పుట్టినరోజుకు కొన్నారు. పుస్తకంలో బొమ్మలు చూసుకుంటూ ఒక్కో ముక్కా పెట్టి ఒక్క పూటలో కట్టేశారు. ఫొటో తీసి స్టేటస్ పెట్టారు. అక్కడితో దాని కథ అయిపోయింది. అప్పట్నుంచి అది దుమ్ము పట్టడం తప్ప ఇంకో పని చేయలేదు.

ఈ ఆదివారం దాన్ని కిందికి దించండి. విప్పేయండి. మొత్తం! రెండు ముక్కలు కూడా ఒకదానికొకటి అతుక్కుని ఉండకూడదు.

ఇప్పుడు అవే ముక్కలతో ఇంకో నౌక కట్టండి. బయటి నుంచి ఒక్క ముక్క తేవద్దు. పుస్తకం ముట్టుకోవద్దు.

గుండె కాస్త జంకిందా? మంచిదే. అక్కడే మన పని మొదలవుతుంది.

"ఏం రా అబ్బీ, అంత దుడ్డు పోసి కొనిస్తే పీకి పెడితివే!" అంటాడు నంద్యాలలో ఏ నాయనైనా. "మళ్ళా కడతాలే నాయనా" అంటాడు పిల్లోడు, తలెత్తకుండానే. నా ఓటు పిల్లోడికే. కట్టినదాన్ని విప్పే ధైర్యం వాడికి పుట్టుకతో ఉంది. మనం పెద్దయ్యే కొద్దీ దాన్ని పోగొట్టుకున్నాం. డిగ్రీని విప్పలేం, హోదాని విప్పలేం, ఇరవై ఏళ్ళ నాటి అలవాటునీ విప్పలేం. షోకేసులో పెట్టి కాపలా కాస్తుంటాం.

పోగొట్టుకున్నది మళ్ళీ వస్తుంది. ప్రాక్టీసు కావాలంతే.

ముందు లెక్క చూడండి

"నా దగ్గర ఏముంది సార్, నాలుగు ముక్కలు" అనేవాళ్ళకు నేను చూపించే లెక్క ఇది. ఎనిమిది బొడిపెలుండే మామూలు లెగో ఇటుకలు, ఒకే రంగువి, రెండు తీసుకోండి. వాటిని ఎన్ని రకాలుగా కలపొచ్చు? 24. మూడోది చేర్చండి. 1,060. ఆరు తీసుకుంటే? 91,51,03,765. అక్షరాలా తొంభై ఒక్క కోట్ల పైమాటే. డెన్మార్క్ గణితవేత్త సోరెన్ ఐలర్స్ కంప్యూటర్‌తో లెక్కగట్టిన సంఖ్య ఇది.

ఆరు ముక్కలకే ఇది లెక్క. మీ డబ్బాలో వందలున్నాయి. ఆ పుస్తకంలో చూపించింది అందులో ఒకే ఒక్క దారి.

కంపెనీవాళ్ళకూ ఈ సంగతి తెలుసు. 1979లో లెగో గెలాక్సీ ఎక్స్‌ప్లోరర్ అనే నౌకను తెచ్చింది. 2022లో, తన 90వ ఏట, దాన్నే పెద్దది చేసి 1,254 ముక్కలతో మళ్ళీ విడుదల చేసింది. ఆ డబ్బాలోని ముక్కలతోనే పాతకాలపు మరో రెండు చిన్న నౌకలు కట్టుకునే సూచనలూ ఇచ్చింది. డబ్బా ఒకటి, నౌకలు మూడు. అభిమానులు అక్కడితో ఆగలేదు, ఆ ముక్కలతో సొంత డిజైన్లు కడుతూనే ఉన్నారు.

శ్రీహరికోట సీక్రెట్

ఇదంతా బొమ్మల కబురు అనుకుంటున్నారా? అయితే మన రాష్ట్రంలోనే, శ్రీహరికోటలో, నిజం రాకెట్లు ఎలా పుట్టాయో చూద్దాం.

1980 జులై 18న ఎస్‌ఎల్‌వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. దాని మొదటి దశలో ఉన్నది తొమ్మిది టన్నుల ఘన ఇంధన మోటారు. ఆ తర్వాత ఏఎస్‌ఎల్‌వీ వచ్చింది. అదే మోటారు అక్కడ పక్కన కట్టే బూస్టర్ అయింది. ఆ తర్వాత పీఎస్‌ఎల్‌వీ వచ్చింది. మళ్ళీ అదే కుటుంబం మోటార్లు, ఈసారి చుట్టూ ఆరు!

కథ ఇంకా ఉంది. పీఎస్‌ఎల్‌వీ మొదటి దశలోని భారీ ఘన మోటారే జీఎస్‌ఎల్‌వీకి నడుము అయింది. పీఎస్‌ఎల్‌వీ రెండో దశలో పనిచేసిన వికాస్ ఇంజిన్ జీఎస్‌ఎల్‌వీలో నాలుగు బూస్టర్లకూ, రెండో దశకూ ఎక్కింది. చంద్రయాన్-3ని మోసుకెళ్ళిన ఎల్‌వీఎం3 మధ్య భాగంలోనూ రెండు వికాస్ ఇంజిన్లే. పేరు మారింది, ఎత్తు మారింది, బరువు మారింది. డబ్బాలోంచి తీసిన ముక్క మాత్రం తెలిసిన ముక్కే.

మంగళయాన్ సంగతి మరీ బాగుంటుంది. 2012 ఆగస్టులో దేశానికి ప్రకటించారు, 2013 నవంబరు 5న ఎగిరింది. అంత తక్కువ టైములో ఎలా? వ్యోమనౌక ఒళ్ళు చాలావరకు చంద్రయాన్-1 నమూనాదే. రాకెట్ చేతికందిన పీఎస్‌ఎల్‌వీ. దానికి మంగళయాన్‌ని నేరుగా అంగారకుడి వైపు విసిరే బలం లేదు. అందుకని పెద్ద రాకెట్ వచ్చేదాకా కూర్చోలేదు మనవాళ్ళు. భూమి చుట్టూనే తిప్పుతూ, ఒక్కో చుట్టుకు కక్ష్యను సాగదీస్తూ, డిసెంబరు 1న అవతలికి నెట్టారు. 2014 సెప్టెంబరు 24న అంగారక కక్ష్యలో చేరింది.

"సరైన రిసోర్సెస్ దొరికాక మొదలెడతా" అని మీరు వాయిదా వేస్తున్న పని ఏదో ఇప్పుడు గుర్తొచ్చి ఉంటుంది. రాసి పెట్టుకోండి. కాసేపట్లో దాని దగ్గరికే వస్తాం.

నాకు అన్నిటికంటే నచ్చినది మాత్రం పోయెమ్. పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశ ఉపగ్రహాన్ని దించేశాక ఉత్త చెత్త. పైన ఊరికే తిరుగుతూ ఉండేది. 2022 జూన్ 30న పీఎస్‌ఎల్‌వీ-సీ53 ప్రయోగంలో ఆ ఖాళీ దశనే ప్రయోగాలు చేసుకునే వేదికగా మార్చారు. డ్యూటీ దిగిన ముక్కకు మళ్ళీ డ్యూటీ!

నౌకకు ఒక పని చెప్పండి

చాలామంది ఇక్కడే చతికిలపడతారు. ముక్కలు కుప్పపోసుకుని "ఏం కట్టాలబ్బా" అని చూస్తూ కూర్చుంటారు. ఏదైనా కట్టొచ్చు అంటే ఏదీ కట్టలేం. మెదడుకు ఒక గిరి గీయండి. అప్పుడది పరుగెడుతుంది.

గిరి నేను గీస్తాను: మీ నౌక బెలుం గుహల్లోకి దిగి రావాలి.

నంద్యాల, ఆళ్ళగడ్డ వాళ్ళయితే సాకులు చెప్పొద్దు, వెళ్ళి చూసి రండి. బనగానపల్లె, అవుకు మీదుగా కొలిమిగుండ్ల మండలం. చదును పొలాల మధ్య నేలకు నోరు తెరిచినట్టు ఒక గొయ్యి, అందులోకి మెట్లు. గుహ పొడవు 3,229 మీటర్లు, మనల్ని తిరగనిచ్చేది సుమారు కిలోమీటరున్నర. పాతాళగంగ దగ్గరికి చేరేసరికి దాదాపు 150 అడుగుల లోతు. గాలి గొట్టాలు పెట్టినా చొక్కా చెమటతో ఒంటికి అంటుకుంటుంది. ఒకచోట మండపమంత విశాలం, పది అడుగులు వేస్తే తల వంచుకుని దూరాల్సిన సందు.

ఇప్పుడు మీ డబ్బా మీద ఉన్న నౌకను గుర్తు తెచ్చుకోండి. ఇంత పొడుగు రెక్కలు! సింహద్వారం దాటగానే ఇరుక్కుంటుంది. కాబట్టి రెక్కలు మడవాలి, లేదా అసలు ఉండకూడదు. ముందు దీపం ఉండాలి. వెనక్కి తిరిగే చోటు లేదు కనుక రెండు వైపులా నడిచేలా ఉండాలి. చూశారా, పని చెప్పగానే డిజైన్ సగం అయిపోయింది.

ఇది ఉత్త ఊహ కూడా కాదు. చంద్రుడి మీద లావా ప్రవహించి వదిలేసిన సొరంగాలున్నాయి. అలాంటిదొకటి, కిలోమీటరుకు పైగా పొడవున్నది, చంద్రయాన్-1 కెమెరా తీసిన చిత్రాల్లోనే మన శాస్త్రవేత్తలు గుర్తించారు. రేపు అక్కడ మనుషులు ఉండాలంటే రేడియేషన్ నుంచి కాపాడే గోడలు అవే కావచ్చు. యూరప్ అంతరిక్ష సంస్థ 2011లో మొదలుపెట్టి వ్యోమగాములను ఇటలీలోని సార్డీనియా గుహల్లోకి దించి శిక్షణ ఇచ్చింది. ఎందుకు? పగలూ రాత్రీ తెలియదు, సామాను తక్కువ, పక్కవాడితో సర్దుకుపోక తప్పదు. ఏది మరిచిపోయినా షాపుకు పోయి తెచ్చుకునే వీల్లేదు. భుజాన మోసుకెళ్ళిన మూటే వాళ్ళ సెట్ మొత్తం.

బెలుంలో ఇంకో సంగతి గమనించండి. గోడలు చేత్తో పాలిష్ పెట్టినట్టు నున్నగా వంపులు తిరిగి ఉంటాయి. సున్నపురాయిని నీళ్ళు కరిగించి తవ్వుకుపోయిన జాడ అది. తలెత్తితే వెయ్యి పడగలు, మర్రి ఊడలు. అవి ఎక్కణ్ణుంచి వచ్చాయి? కరిగిన ఆ సున్నమే చుక్క చుక్కగా పైకప్పు నుంచి దిగి పేరుకుంది. సరుకంతా ఆ రాతిదే. ఒకచోట విప్పింది, ఇంకోచోట కట్టింది. (సప్తస్వరాల గుహలో రాళ్ళు మోగుతాయి కదా అని కొట్టి చూడకండి. మీరు విరిచినది మళ్ళీ పెరగడం మీ మునిమనవలు కూడా చూడలేరు.)

ఇక కూర్చోండి

1. ముక్కల్ని రంగును బట్టి వేరు చేయొద్దు, ఆకారాన్ని బట్టి చేయండి. రంగుల కుప్పలో కీలు ముక్క కనపడదు. నాలుగు స్టీలు పళ్ళేలు చాలు: ఇటుకలు, పలకలు, వాలు ముక్కలు, వింత ముక్కలు.

2. వింత ముక్కల పళ్ళెంతో మొదలెట్టండి. కాక్‌పిట్ మీది గాజు కప్పు సెట్‌లో ఒకటో రెండో ఉంటుంది. మిగతావి దాని చుట్టూ సర్దుకుంటాయి. మీ జీవితంలోనూ అంతే. అందరికీ ఉన్న ఎక్సెల్ సర్టిఫికెట్‌ని రెజ్యూమె పైన పెట్టి, మీకొక్కరికే ఉన్న దాన్ని అడుగున "హాబీస్"లో దాస్తారేమండీ?

3. ముక్కల పాత పేర్లు మరిచిపోండి. ఇది అన్నిటికన్నా కష్టం, అన్నిటికన్నా ముఖ్యం. సరుకుల గది తలుపుకు వాడిన కీలును చేతిలోకి తీసుకోండి. అది "తలుపు ముక్క" అని మెదడు చెబుతూనే ఉంటుంది. వేలితో ఆడించి చూడండి. వంగుతుంది, ఆగుతుంది. అంటే అది మోకాలు! నాలుగు కీళ్ళుంటే గుహలో నడిచే కాళ్ళు. ఇంజిన్ గొట్టాన్ని తిరగేయండి, టార్చి లైటు. టీచరుగా పదేళ్ళు చేసినవాళ్ళకు "పాఠం చెప్పడం" తప్ప ఏం వచ్చు అంటారు. అరవై మందిని నలభై నిమిషాలు కూర్చోబెట్టగలగడం ఏ ఆఫీసులోనైనా పనికొచ్చే మోకాలు.

4. ముందు వెన్నెముక, తర్వాత అందం. పొడవాటి పలకలు ఒకదాని మీద ఒకటి, అతుకులు ఒకేచోట పడకుండా వేయండి. అతుకు మీద అతుకు పడితే ఎత్తగానే నడుము విరుగుతుంది.

5. చేత్తో పట్టుకుని గాల్లో "జుయ్య్" అని తిప్పండి. సిగ్గుపడకండి. ఊడిన ముక్క ఎక్కడిదో చూసి అక్కడే బిగించండి.

6. మధ్యలో పుస్తకం వైపు చెయ్యి వెళ్తుంది. వెళ్ళనీయకండి!

మొదటి నౌక వంకరగా వస్తుంది. రానివ్వండి. ఏఎస్‌ఎల్‌వీ మొదటి రెండు ప్రయోగాలు, 1987లో, 1988లో, విఫలమయ్యాయి. 1993లో పీఎస్‌ఎల్‌వీ మొదటిసారి కూడా పడిపోయింది. ఆ తర్వాత అదే ఏళ్ళ తరబడి ఇస్రోకు నమ్మిన బంటు అయింది. మీరు నేల మీద పడ్డ ప్లాస్టిక్ ముక్కలు ఏరుకోవడానికి బాధపడతారా?

ఇప్పుడు మీ డబ్బా

వాయిదా వేసిన పని రాసుకున్నారుగా. తీయండి. కాగితం మీద ఆ పని కోసం మీ చేతిలో ఉన్న ముక్కలు రాయండి. లేనివి రాయొద్దు, ఆ జాబితా మీకు నోటికి వచ్చు. వచ్చిన భాషలు, నడపగల బండి, పొద్దున ఖాళీగా ఉండే అరగంట, ఫోన్ చేస్తే ఎత్తే పదిమంది, పాత లాప్‌టాప్, అమ్మ దగ్గర నేర్చుకున్న పచ్చడి. చిన్నదని ఏదీ వదలకండి.

అనుకోకుండా చుట్టాలు దిగితే మన సీమ ఇళ్ళలో ఏం చేస్తారు? బొరుగులు తడిపి, ఉల్లిగడ్డ కోసి, పుట్నాల పొడి చల్లి ఉగ్గాని చేస్తారు. సూపర్ బజారు తెరిచేదాకా ఆగరు. ఆ చేతులు మీవే.

పని ఎవరి కోసం, ఎప్పటికి, ఎంత ఇరుకులో? ఈ మూడూ రాయండి. అదే మీ గుహ. ఆ తర్వాత జాబితాలో ప్రతి ముక్కనూ పాత పేరు తీసేసి ఒకసారి తిప్పి చూడండి. ఒక్కోదానికి రెండు కొత్త వాడకాలు రాయకుండా లేవొద్దు.

ఆదివారం సాయంత్రానికి బల్ల మీద రెండు ఉంటాయి: ఒక వంకర నౌక, ఒక నిండిన కాగితం. నౌకను నాలుగు వైపుల నుంచీ ఫొటో తీసుకోండి, మళ్ళీ కావాలంటే పనికొస్తుంది. మిగిలిపోయిన ముక్కల్ని కవర్లో వేసి పైన తేదీ రాయండి. వచ్చే ఆదివారం ఆ మిగిలినవాటితోనే మొదలెట్టాలి. ఈసారి గిరి గీసే వంతు మీ పిల్లలది.