ఊరిబావియు శాసనసభయు

పలనాటిలో వేసవి కఠినము, బావినీరే ప్రాణాధారము. మాచర్లలో బ్రహ్మనాయుడు సర్వకులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి భోజనము పెట్టించెనని పలనాటివీరుల కథ చెప్పును. అట్టి సీమయందును, నాటి మద్రాసు రాష్ట్రమందలి తక్కిన సీమలలో వలెనే, అస్పృశ్యులనబడినవారికి ఊరిబావి అందరానిదై యుండెను.

1924లో రెట్టమలై శ్రీనివాసన్ మద్రాసు శాసనమండలిలో ఒక తీర్మానము ప్రతిపాదించెను. బాటలు, బావులు, చెఱువులు, కచ్చేరీలు ఎల్లవారికిని తెఱచి యుండవలెనని దాని సారము. ఆయన మంత్రి కాడు, సభ్యుడు మాత్రమే. సభ ఆమోదించెను, ప్రభుత్వము ఉత్తరువు వెలువరించెను. కాని తీర్మానము సిఫారసు మాత్రమే; దానిని మీరినవానికి శిక్ష లేదు. కడవతో గట్టున నిలిచిన తల్లికి కాగితము నీరు తోడి పోయునా?

శిక్ష విధింపవలెనన్న శాసనమే కావలెను. మంత్రులు కాని సభ్యులు తెచ్చు బిల్లులకు అనధికార బిల్లులని పేరు. 1938లో ఎం. సి. రాజా అట్టి బిల్లు తెచ్చెను. అది శాసనమై, బావికడ అడ్డగించుట నేరమయ్యెను. ఆలయప్రవేశమునకై ఆయనయే తెచ్చిన మఱియొక బిల్లు మాత్రము ఆ యేటనే వీగిపోయెను. రాష్ట్రమందలి ఆలయములను ఎల్ల హిందువులకును తెఱచు శాసనము 1947లో గాని రాలేదు.