గురువారపు సాయంకాలము

పాఠ్యభాగము: 2 తిమోతి 1:3-7

పౌలు తిమోతి విశ్వాసమును తలంచుకొనినప్పుడు అతని అవ్వయైన లోయిని, తల్లియైన యునీకేను పేరుపెట్టి స్మరించెను. వారు చేసిన ఘనకార్యములేవియు లేఖనము చెప్పదు. ఆ బిడ్డ బాల్యమునుండి పరిశుద్ధ లేఖనముల నెరిగియుండుటయే వారి జీవితచరిత్ర. అట్టి తల్లులలో ఒకతె సూసన్నా వెస్లీ.

ఆమె 1669లో లండను నగరమున ఒక దైవసేవకుని గృహమున జన్మించి, 1688లో సామ్యూల్ వెస్లీని వివాహమాడెను. ఆయన ఇంగ్లండులోని ఎప్‌వర్త్ అను చిన్న పట్టణమున సంఘకాపరిగా నుండెను. సూసన్నా పందొమ్మిదిమంది బిడ్డలను కనెను. వారిలో సుమారు సగముమంది పసితనముననే మరణించిరి. 1705లో అప్పుల నిమిత్తము భర్త చెరసాల పాలయ్యెను. 1709లో ఇల్లు అగ్నికి ఆహుతియయ్యెను. పై అంతస్తులో చిక్కుకొనిన అయిదేండ్ల జాన్‌ను, పొరుగువారు ఒకని భుజములపై నొకడు నిలిచి కిటికీ గుండ దింపి రక్షించిరి.

ఇల్లు కాలినపిమ్మట బిడ్డలు కొంతకాలము పలువురి యిండ్లలో చెదరియుండిరి. తిరిగి కూడుకొనునప్పటికి మునుపటి క్రమశిక్షణ చాలవరకు చెడిపోయెను. ఆ తల్లి నిరాశపడక మరల మొదటినుండి ప్రారంభించెను. అయిదేండ్లు నిండిన బిడ్డకు అక్షరములు నేర్పి, ఆదికాండము మొదటి అధ్యాయముతో చదువు ఆరంభించుట ఆమె పద్ధతి. దినమునకు ఆరు గంటలు ఇంటనే పాఠశాల సాగెను. బాగుగా చదువ నేర్చువరకు ఏ ఆడపిల్ల చేతికిని కుట్టుపని ఇయ్యరాదని ఆమె నియమము. ఆ కాలమున అది సామాన్యమైన మాట కాదు.

వీటన్నిటికంటె గమనింపదగినది మరియొకటి కలదు. వారములో ప్రతి సాయంకాలము ఒక బిడ్డతో ఏకాంతముగా కూర్చుండి, ఆ బిడ్డ ఆత్మవిషయమై మాటలాడుటకు ఆమె సమయము ఏర్పరచుకొనెను. మంగళవారము హెట్టీది, గురువారము జాన్‌ది, శనివారము చార్లెస్‌ది. ఇంటినిండ పనియున్న తల్లికి, గంపెడు బిడ్డలలో ఒక్కొక్కరిని ఒక్కరినిగా చూచుటకు ఇదియే మార్గమాయెను.

1732లో జాన్ ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున పండితుడు. వయస్సు 28 సంవత్సరములు. అయినను, ఆ గురువారపు సాయంకాలములో కొంతభాగమును ఇంకను తనకొరకు వినియోగింపుమని తల్లికి వ్రాసెను. ఆమె నేర్పిన పాఠములకంటె ఆమె ఇచ్చిన ఆ కొద్ది సమయమే అతని హృదయమున నిలిచెను. ఆ జాన్, అతని తమ్ముడైన చార్లెస్ నడిపిన మెథడిస్టు ఉజ్జీవము కాలక్రమమున సముద్రములు దాటి తెలుగు నేలకును వచ్చెను. 1924లో ప్రతిష్ఠింపబడిన మెదకు మహాదేవాలయము ఆ సంఘపు మిషనెరీల కృషియే.

అయితే మంగళవారమును మరువరాదు. హెట్టీ ప్రతిభగల కవయిత్రి; కాని ఆమె వివాహజీవితము కన్నీటితో నిండెను. తండ్రితో వచ్చిన ఎడబాటు ఆమెను మిగుల బాధించెను. ఆమెకును జాన్‌కును తల్లి ఇచ్చిన సమయము ఒక్కటే. బిడ్డల జీవితఫలమును తల్లి తన చేతులతో నిర్ణయింపజాలదు. విత్తుట మాత్రమే ఆమె వంతు. దారితప్పిన బిడ్డకొరకు మౌనముగా ఏడ్చు తల్లులు తమ ప్రార్థనలు వ్యర్థమైనవని తలంపనక్కరలేదు.

1742లో లండనులో సూసన్నా ప్రభువునందు నిద్రించెను. తన ప్రాణము విడిచిన వెంటనే దేవునికి స్తుతిగీతము పాడవలెనని ఆమె కోరగా, మంచము చుట్టు నిలిచిన బిడ్డలు అట్లే చేసిరి.

ధ్యానమునకు: మీ కుటుంబమున మీకొరకు ప్రార్థించిన తల్లిని గాని అవ్వను గాని తలంచి దేవుని స్తుతించుడి. ఈ వారములో మీ బిడ్డలలో ఒక్కొక్కరికి ప్రత్యేకముగా ఇయ్యగల సమయమెది?