సంక్రాంతి విస్తరి – పిండివంటలకూ ఒక పథ్యం

సంక్రాంతి నాటి మధ్యాహ్నం. ఇంటినిండా బంధువులు. వంటలన్నీ సిద్ధమై గంట దాటింది. కొత్త అల్లుడు ఇంకా రాలేదు. ఇంటి పెద్దాయన ఉదయం ఎనిమిది గంటలకే మధుమేహపు మాత్ర వేసుకొని, రెండు ఇడ్లీలు మాత్రమే తిని, అల్లుడితో కలిసి భోజనం చేయాలని ఎదురు చూస్తున్నారు. రెండు గంటలు కావస్తుండగా ఆయనకు చెమటలు పట్టి, చేతులు వణకడం మొదలవుతుంది. "పొద్దుటి నుండి అలసట" అనుకొని ఎవరూ పట్టించుకోరు. చివరకు విస్తరి ముందు కూర్చున్నాక, "పండుగ పూట కాదనకండి" అంటూ మూడు అరిసెలు, రెండు బొబ్బట్లు ఆయనకు వడ్డిస్తారు.

ఈ దృశ్యం అనేక గృహాలలో కనిపించేదే. ఇందులో దోషం అరిసెది కాదు, అతిథి మర్యాదది అంతకన్నా కాదు. భోజనానికి కాలం తప్పింది. ఆ తరువాత కొలత తప్పింది. పిండివంటలు చేయడం, విస్తరి వేయడం, వడ్డించడం అనే మూడింటిలోనూ ఈ రెండింటినీ ఎట్లా నిలుపుకోవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఋతువు చెప్పే మాట

సంక్రాంతి హేమంత ఋతువు ముగిసి, శిశిరం ఆరంభమయ్యే కాలంలో వస్తుంది. చలికాలంలో జఠరాగ్ని బలంగా ఉంటుందని, గురుత్వం గల ఆహారాన్ని కూడా అది జీర్ణం చేయగలదని ఆయుర్వేద సిద్ధాంతం. చరక సంహిత సూత్రస్థానంలో ఋతుచర్యను చెప్పిన అధ్యాయం హేమంతంలో పాలు, పెరుగు వంటి గోరసాలను, చెరకుతో చేసిన పదార్థాలను, నూనెను, కొత్త బియ్యపు అన్నాన్ని సేవించదగినవిగా పేర్కొన్నది. కొత్త బియ్యం, కొత్త బెల్లం, నువ్వులు, నెయ్యి కలిసిన మన సంక్రాంతి వంటకాలు ఈ ఉపదేశానికి ఎంత సరిపోతున్నాయో చూడండి.

అయితే అదే సంహిత చికిత్సాస్థానంలో ప్రమేహ రోగానికి కారణాలను చెబుతూ కూర్చున్నచోటనే సుఖంగా ఉండటం, అతినిద్ర, పెరుగు మొదలైన వాటితో పాటు కొత్త ధాన్యాన్ని, బెల్లపు వంటకాలను కూడా చేర్చింది. ఒకచోట తినదగినవని చెప్పిన వస్తువులే మరొకచోట రోగకారణాలైనాయి. ఇది పరస్పర విరోధం కాదు. పొలంలో పని చేసి వచ్చిన ఆరోగ్యవంతునికి బలాన్నిచ్చే అరిసె, రోజంతా కుర్చీలో కూర్చునే మధుమేహ రోగికి అపకారం చేస్తుంది. అందుచేతనే చరకుడు ఆహార విధిలో పరిశీలించవలసిన విషయాలు ఎనిమిదని చెప్పి, వాటిలో రాశిని, కాలాన్ని, తినే వ్యక్తిని చేర్చినాడు. రాశి అంటే పరిమాణం. అది రెండు విధాలు: భోజనం మొత్తం ఎంత అనేది సర్వగ్రహం, అందులో ఒక్కొక్క పదార్థం ఎంత అనేది పరిగ్రహం. పండుగ విస్తరికి ఈ రెండు కొలతలే ఆధారం.

పిండివంటలు – చేసే విధానం

అరిసెలు: ఒక కిలో కొత్త బియ్యాన్ని ఒక పగలు, ఒక రాత్రి నానబెట్టవలెను. మధ్యలో రెండు పర్యాయాలు నీరు మార్చవలెను. వడకట్టి, తడి పూర్తిగా ఆరకముందే దంచి లేదా మర పట్టించి మెత్తగా జల్లించవలెను. సుమారు ముప్పాతిక కిలో బెల్లాన్ని కొద్ది నీటితో కరిగించి, మలినాలు పోయేటట్లు వడకట్టి, తిరిగి పొయ్యి మీద ఉంచవలెను. పాకం చుక్కను చల్లని నీటిలో వేసినప్పుడు అది వేళ్ళకు మెత్తని ఉండగా చేరితే దించి, ఏలకుల పొడి, నెయ్యి కలిపి, పిండిని కొద్దికొద్దిగా పోస్తూ ఉండకట్టకుండా కలుపవలెను. పాకం లేతదైతే అరిసె నూనెలో విచ్చిపోతుంది. ముదిరితే పంటికి కొరుకుడు పడదు. ఈ చలిమిడిని నిమ్మకాయంత కాక ఉసిరికాయంత ఉండలుగా చేసి, నువ్వులద్ది, అరటి ఆకు మీద ఒత్తి, మధ్యరకం మంట మీద వేయించవలెను. తీసిన వెంటనే అరిసెల చెక్కల మధ్య గట్టిగా నొక్కితే మిగులు నూనె దిగిపోతుంది. పరిమాణం తగ్గించడం మొదలయ్యేది ఇక్కడే. చిన్న అరిసె ఒకటి పూర్తిగా తిన్నవారికి తృప్తి కలుగుతుంది. పెద్ద అరిసెలో సగం విడిచిపెట్టినవారికి మొహమాటమే మిగులుతుంది.

నువ్వుల ఉండలు: రెండు గ్లాసుల నువ్వులను చిటపటలాడే వరకు దోరగా వేయించవలెను. ఒక గ్లాసు బెల్లపు తురుముతో ఉండ పాకం పట్టి, నువ్వులు కలిపి, చేతికి నెయ్యి రాసుకొని వేడిగా ఉన్నప్పుడే చిన్న ఉండలు కట్టవలెను. పొట్టుతో ఉన్న నువ్వులలో సున్నపు ధాతువు, అనగా కాల్షియం, సమృద్ధిగా ఉన్నది. నువ్వులు ఉష్ణ వీర్యం గలవి గనుక పైత్య తత్త్వం గలవారికి ఒక ఉండ చాలును. నువ్వులు పడనివారు కొందరుంటారు. వచ్చినవారిని ముందుగా అడిగి వడ్డించవలెను.

సకినాలు: తెలంగాణలో సంక్రాంతికి ఇవి లేని ఇల్లు అరుదు. నానబెట్టిన బియ్యపు తడి పిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి, శుభ్రమైన వస్త్రం మీద చేతివేళ్ళతో వలయాలుగా చుట్టి, కొంచెం ఆరిన తరువాత నూనెలో వేయిస్తారు. నూనె వంటకంలో దీపన గుణం గల వామును చేర్చడం మన పెద్దల వివేకం. కోస్తా జిల్లాల జంతికలలోనూ వాము ఇందుకే పడుతుంది.

నూనె విషయంలో జాగ్రత్తలు

పండుగ వంటలలో తీపితో పాటు మాడిన నూనె కూడా హాని చేస్తుంది. ఒకే నూనెను పదేపదే కాచినకొద్దీ అందులో హానికర పదార్థాలు పెరుగుతాయి. ఆహార వ్యాపారులు వేయించడానికి వాడే నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ అనే ఈ పదార్థాలు 25 శాతం మించరాదని మన దేశపు ఆహార భద్రతా సంస్థ విధించిన నియమం 2018 జూలై 1 నుండి అమలులోనికి వచ్చింది. ఇంటిలో కొలిచే సాధనం ఉండదు గనుక గుర్తులను బట్టి గ్రహించవలెను. నూనె నల్లబడినా, చిక్కబడినా, నురుగు కట్టినా, తక్కువ వేడికే పొగ వచ్చినా దానిని విడిచిపెట్టవలెను. మూకుడు నిండా పోయక, రెండు మూడు వాయలకు సరిపోయినంతే పోసుకొని, తగ్గినప్పుడు కొత్త నూనె చేర్చుకొనుట మేలు. మిగిలినదానిని వడకట్టి, ఒకటి రెండు రోజులలో పోపులకు వాడవచ్చును గాని, తిరిగి వేయించడానికి వాడరాదు.

వేయించిన వస్తువులను వార్తాపత్రికల మీద ఆరబెట్టే అలవాటు చాలా ఇళ్ళలో ఉన్నది. అచ్చు సిరాలోని రసాయనాలు వేడి నూనెతో ఆహారంలోనికి చేరుతాయి. జల్లెడ గాని, శుభ్రమైన నూలు వస్త్రం గాని ఉపయోగించవలెను.

విస్తరి వేయు పద్ధతి

అరటి ఆకును రెండు వైపులా కడిగి, కొస భాగం తినేవారి ఎడమ చేతి వైపు ఉండేటట్లు వేయవలెను. వెడల్పైన భాగం కుడి వైపు ఉండటం చేత అన్నం కలుపుకొనడానికి సదుపాయంగా ఉంటుంది. కొస వైపు ఉప్పు, ఊరగాయ, పచ్చడి వంటివి కొద్దికొద్దిగా వడ్డిస్తారు. తీక్ష్ణమైనవి, ఉప్పు గలవి ఆకులోని ఇరుకైన చోట ఉండటంలో ఒక అర్థమున్నది: ఆ చోటులో పట్టినంతే వాటి కొలత. కూరలు, పప్పు విశాలమైన వైపు వస్తాయి. ఇంటింటి ఆచారాన్ని బట్టి చిన్న భేదాలుండవచ్చును. పరిగ్రహం, సర్వగ్రహం అన్న రెండు కొలతలూ ఆకు మీద ఒక్క చూపులో కనిపిస్తాయి. బల్ల మీద గిన్నెలన్నీ పేర్చి ఎవరికి వారు వడ్డించుకునే పద్ధతిలో ఈ సౌలభ్యం తక్కువ.

అరటి ఆకు దొరకనిచోట మోదుగ లేదా అడ్డాకు విస్తళ్ళు శ్రేష్ఠం. కుట్టిన పుల్లలు ఊడి ఆహారంలో పడకుండా చూచుకొనవలెను. ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు, అలంకరణకు వాడే థర్మాకోల్ 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషేధింపబడినవి. వాటి స్థానంలో గుమ్మానికి మామిడి తోరణం, పంక్తి మధ్య బంతిపూలు, చెరకు గడ చాలును. పండుగ పేరున బయటకు తీసిన ఇత్తడి, రాగి పాత్రలకు కళాయి ఉన్నదో లేదో పరీక్షించవలెను. కళాయి లేనివాటిలో పులిహోర, పులుసు, పెరుగు, మజ్జిగ ఉంచితే పులుపు లోహాన్ని కరిగించి, వాంతులకు, కడుపునొప్పికి దారి తీస్తుంది.

వడ్డనలో క్రమం, కొలత

భోజనాన్ని మధుర రసంతో ఆరంభించి, మధ్యలో పులుపు, ఉప్పు, చివర మిగిలిన రసాలు సేవించాలని సుశ్రుతుడు చెప్పినాడు. మన విస్తరిలో మొదట తీపి వడ్డించడం దీనికి అనుగుణమైనదే. తరువాత పప్పు నెయ్యి, కూర, గుమ్మడికాయ దప్పళం, చారు, చివరకు పెరుగు లేదా మజ్జిగ.

తీపి మొదట వడ్డిస్తున్నాము గనుక అన్నం ఆ మేరకు తగ్గవలెను. అరిసె గాని బొబ్బట్టు గాని ఒకటే వేయవలెను. రెండూ రుచి చూడదలచినవారికి చెరి సగం. కడుపులో ఒక భాగం ఘన పదార్థాలకు, ఒక భాగం ద్రవాలకు, ఒక భాగం వాత పిత్త కఫాల సంచారానికి విడిచిపెట్టాలని చరకుని ఉపదేశం. "ఇంకొక్కటి" అని మనం బలవంతంగా వేసేది ఆ మూడవ భాగంలోనికే. అతిథి చేయి అడ్డం పెట్టినప్పుడు గరిటె వెనక్కు తీయడం కూడా మర్యాదే. మిగిలిన ప్రేమను పొట్లం కట్టి ఇంటికి పంపవచ్చును.

ప్రత్యేక శ్రద్ధ అవసరమైనవారు

మధుమేహ రోగులు: బెల్లం పంచదార కన్నా మంచిదనే నమ్మకంతో యథేచ్ఛగా తినరాదు. రెండూ రక్తంలో చక్కెరను దాదాపు ఒకే విధంగా పెంచుతాయి. వైద్యుని సలహా ప్రకారం చిన్న అరిసెలో సగం, అదీ అన్నం తగ్గించుకొని, కూరలు, పప్పుతో కలిపి తీసుకొనవచ్చును. వీరు ఏ కారణం చేతనూ భోజన సమయం దాటనీయరాదు. అల్లుడు వచ్చే వరకు పంక్తి ఆగవచ్చును గాని మాత్ర వేసుకొన్నవారు ఆగరాదు. చెమట, వణుకు, తడబాటు కనిపిస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీటిలో కలిపి త్రాగించి, పదిహేను నిమిషాల తరువాత కూడా తేరుకొనకపోతే మరల ఇవ్వవలెను. ఆ పిమ్మట భోజనం పెట్టవలెను. ఆ సమయంలో అరిసె పనికిరాదు. అందులోని నూనె, నెయ్యి చక్కెర రక్తంలో చేరడాన్ని ఆలస్యం చేస్తాయి. స్పృహ తప్పినవారి నోటిలో ఏమీ పోయక ఆసుపత్రికి చేర్చవలెను.

రక్తపోటు గలవారు: ఊరగాయ, అప్పడం, సకినం మూడింటిలోనూ ఉప్పు ఉంటుంది. వాటిలో ఏదో ఒకటి చాలును.

పసిపిల్లలు: ఐదేళ్ళ లోపు పిల్లలకు గట్టి జంతిక ముక్కలు, విడి వేరుశనగ గింజలు ఇవ్వరాదు. ఊపిరితిత్తుల దారిలో అడ్డుపడే ప్రమాదమున్నది.

భోజనానంతర ఉపశమనం

కడుపు బరువుగా ఉన్నవారు ఒక వంతు పెరుగుకు నాలుగు వంతుల నీరు చేర్చి చిలికిన పలుచని మజ్జిగలో చిటికెడు శొంఠి, వేయించిన జీలకర్ర పొడి కలిపి త్రాగవలెను. ఉబ్బరానికి అరచెంచా వాము నమిలి గోరువెచ్చని నీరు త్రాగుట మన ఇళ్ళలో పరిచితమైన చిట్కా. ఛాతీలో మంట గలవారు శొంఠి, వాము మాని, ధనియాలు, జీలకర్ర మరిగించిన నీటిని చల్లార్చి త్రాగవలెను. భోజనం కాగానే పడుకొనక నెమ్మదిగా నడవవలెను. రాత్రికి ఆకలి లేనివారు జావ లేదా పలుచని మజ్జిగతో సరిపెట్టుకొనవచ్చును. మధుమేహానికి మందు వాడేవారు మాత్రం వైద్యుని అడగనిదే పూట మానరాదు.

ఒక హెచ్చరిక. పండుగ భోజనం తరువాత వచ్చే ప్రతి ఛాతీ నొప్పీ వాయువు కాదు. నొప్పి ఎడమ చేతికి గాని, దవడకు గాని ప్రాకినా, చెమటలు, ఆయాసం తోడైనా గృహవైద్యంతో కాలయాపన చేయక తక్షణమే 108కి ఫోను చేయవలెను.

వడ్డించే చేతికి కూడా విస్తరి

పంక్తులన్నీ ముగిసి, సాయంత్రం నాలుగింటికి చల్లారిన అన్నం ముందు కూర్చునే గృహిణిని మరువరాదు. రోజంతా నూనె సెగకు నిలిచి ఆకలి చచ్చిన శరీరానికి ఆ భోజనం ఒంటబట్టదు. మొదటి పంక్తిలో వృద్ధులు, పిల్లలు, గర్భిణులు, మందులు వాడేవారు కూర్చోవలెను. రెండవ పంక్తిలో వంట చేసినవారు కూర్చుంటే, తిని లేచినవారు వారికి వడ్డించవలెను. అల్లుడు ఆ గరిటె అందుకుంటే మరీ శోభ.

ఈ సంవత్సరం మీ ఇంట విస్తళ్ళు వేసే ముందు రెండు ప్రశ్నలు వేసుకొనండి: ఎవరు ఎప్పుడు తినవలెను? ఎవరికి ఎంత వడ్డించవలెను? వీటికి సమాధానం తెలిసిన ఇంటిలో అరిసె కూడా పథ్యమే అవుతుంది.