ఒకే పెట్టెలో సర్దకూడనివి

పిల్లలూ, బదిలీ అనగానే మన ఇళ్లలో అట్టపెట్టెలు బయటికొస్తాయి కదా! ఒకసారి నేను బాత్రూమ్ కడిగే యాసిడ్ సీసా, బ్లీచింగ్ పౌడర్ పొట్లం ఒకే పెట్టెలో సర్దాను. దారిలో సీసా మూత వదులైంది. లారీ తలుపు తీయగానే ఘాటు వాసన, కళ్లమంట, ఆగని దగ్గు. ఆ రెండూ కలిస్తే పుట్టేది క్లోరిన్ వాయువు.

విడివిడిగా చూస్తే రెండూ శుభ్రం చేసేవే. అందుకే రసాయనాల గోదాములో ‘ఇదెంత ప్రమాదం?’ అని అడిగితే చాలదు. ‘ఇది కారితే దేన్ని తాకుతుంది?’ అనీ అడగాలి. అక్షరక్రమంలో సర్దడం లైబ్రరీకే సరిపోతుంది. 2020 ఆగస్టు 4న పేలిన బీరూట్ రేవు గోదాములో అమ్మోనియం నైట్రేట్‌తో పాటు బాణసంచా కూడా ఉంచారు. 200 మందికి పైగా చనిపోయారు.

ఇప్పుడు నేను యాసిడ్ సీసాను పొరుగువారికి ఇచ్చేశాకే సామాను ఎక్కిస్తాను.