ముందు చెంబు కొలువు

చిరంజీవి అమ్మాయికి,

ఫ్లోరైడ్ సర్వేకి నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు వెళ్తున్నానని రాశావు. నీళ్లలో ఫ్లోరైడ్ బాధ మనవాళ్లకు కొత్త సంగతేమీ కాదు. 1937లోనే షార్ట్ అనే పరిశోధకుడి బృందం అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును గుర్తించి రాసింది. అయినా ఇప్పటికీ చాలామంది బోరు నీళ్లు పరీక్షకు పంపి, లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని తేల్చి, ఊరందరికీ అదే లెక్క కట్టేస్తారు. అది నీళ్ల లెక్క. మనుషుల లెక్క వేరు.

లీటరుకు 2 మిల్లీగ్రాములే అనుకో. నీడపట్టున కూర్చునే 60 కిలోల గుమస్తా రోజుకు 2 లీటర్లు తాగితే 4 మిల్లీగ్రాములు. ఎండలో ఉపాధి పనికి పోయే మనిషి 5 లీటర్లు తాగితే 10. 15 కిలోల పిల్లాడు లీటరే తాగినా, కిలో బరువుకు చూస్తే గుమస్తాకు రెట్టింపు. అన్నం, పప్పు ఉడికేదీ ఆ నీళ్లతోనే. టీ ఆకులో ఎలాగూ ఫ్లోరైడ్ ఉంటుంది. "రోజుకెన్ని లీటర్లు తాగుతారు?" అని మాత్రం అడక్కు, లీటర్లు లెక్కపెట్టుకుని ఎవరూ తాగరు. వాళ్ల చెంబే అడిగి తీసుకుని ఎన్ని నీళ్లు పడతాయో కొలిచి, ఎన్ని చెంబులో అడుగు. ఇంటికి నల్లా వచ్చినా పొలం దగ్గర బోరే దిక్కు కావచ్చు, అదీ అడుగు.

పరీక్షకు మూత్రం కూడా తీసుకుంటే ప్లాస్టిక్ సీసాలోనే పట్టించు. గాజుతో ఫ్లోరైడ్ చర్య జరుపుతుంది. మూత్రంలో తేలే ఫ్లోరైడ్ ముఖ్యంగా ఈమధ్య ఒంట్లోకి పోయినదాన్ని చెబుతుంది. పళ్లు చెప్పేది చిన్నప్పటి సంగతి. ఎనిమిదేళ్లు దాటాక తాగిన నీళ్లకు ముందు పళ్ల మీద మచ్చలు రావు. అందుకే ఫ్లోరైడ్ తక్కువున్న ఊరి నుంచి కోడలిగా వచ్చినావిడ పళ్లు శుభ్రంగానే ఉంటాయి, ఏళ్లు గడిచాక నడుము మాత్రం బిగుసుకుపోవచ్చు. పళ్లు చూసి ఆమెను బాగున్నవాళ్ల పట్టీలో వేశావో, సర్వే తప్పుదారి పట్టినట్టే.

మోకాళ్ల నొప్పులన్నీ ఫ్లోరోసిస్ కాదు, వయసు మీదపడి వచ్చేవీ ఉంటాయి. ఫ్లోరైడ్ తక్కువున్న ఊళ్లోనూ అదే వయసువాళ్లను అవే ప్రశ్నలు అడుగు. ఎక్స్‌రేలు చూసే డాక్టరుకు ఏది ఏ ఊరిదో చెప్పకు.

సీసాలు పట్టుకెళ్లినవాళ్లు మళ్లీ మొహం చూపించరని ఊళ్లల్లో అనుకుంటారు, అందులో అబద్ధమేమీ లేదు. ఫలితాలు రాగానే ఇంటింటికీ తెలుగులో చీటీ రాసిచ్చి, ఏ నీళ్లు మానాలో చెప్పి రా.

ఇట్లు,
పెద్దనాన్న